ఓడిన ఆట కాగితం చింపకండి

పిల్లలూ, ఒక ఆదివారం ఉదయాన్ని ఊహించుకోండి. హనుమకొండలో ఏదో ఒక బడి హాలు. బల్లలు వరసగా వేసి ఉన్నాయి. ఒక్కో బల్ల మీద ఒక చదరంగం పలక, ఒక గడియారం, రెండు కాగితాలు, రెండు పెన్నులు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు తలలు వంచుకుని ఆలోచిస్తున్నారు. బయట వరండాలో వాళ్ళ అమ్మానాన్నలు కూర్చుని తలుపువైపే చూస్తున్నారు.

ఒక బల్ల దగ్గర ఎనిమిదో తరగతి అబ్బాయి తెల్లకాయలతోనూ, తొమ్మిదో తరగతి అమ్మాయి నల్లకాయలతోనూ ఆడుతున్నారు. ఇద్దరూ మనబోటి మామూలు ఆటగాళ్ళే. ఒక్కొక్కరికి గంటసేపు వ్యవధి ఉంది. కాని పది నిమిషాలు గడిచాయో లేదో ఆట అయిపోయింది. ఏడో ఎత్తుకే అబ్బాయి రాజుకు ఆటకట్టు! అబ్బాయి లేచి చేయి కలిపాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. పైకాగితం నిర్వాహకులకిచ్చి, తన వంతు వచ్చిన కార్బన్ నకలును ముక్కలుగా చింపి చెత్తబుట్టలో పడేశాడు.

"గెలిచినవా?" అని అడిగాడు నాన్న.

"ఓడిపోయిన."

"సరే తియ్యి. వచ్చే ఆటన్నా మంచిగ ఆడు."

ఆ విషయం అక్కడితో ముగిసింది. అలా ముగియకూడదనే నేనీ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆ అబ్బాయి ఆ ఉదయం సంపాదించుకున్న వస్తువుల్లో అన్నిటికంటె విలువైనది ఆ కాగితమే. దాన్నే అతను చెత్తబుట్టలో వేశాడు.

ఆ కాగితంలో ఏముంది?

ఇంట్లోనో, అరుగు మీదనో ఆడుకునే చదరంగానికీ, పోటీ చదరంగానికీ ఒక పెద్ద తేడా ఉంది. నిర్ణీత కాలంలో తీరికగా ఆడే పోటీ ఆటలో ప్రతి ఆటగాడూ తన ఎత్తులనూ, ఎదుటివాడి ఎత్తులనూ వెంటవెంటనే కాగితం మీద రాసుకోవాలి. ఇది ఇష్టమైతే చేసే పని కాదు, అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమం. ఆడబోయే ఎత్తును ముందుగా రాసిపెట్టుకోవడానికి కూడా వీల్లేదు. ఆడాలి, ఆ తరువాత రాయాలి.

రాసే పద్ధతి చాలా తేలిక. పలకలో 64 గళ్ళున్నాయి కదా. తెల్లకాయలవైపు కూర్చుని చూస్తే, ఎడమనుంచి కుడికి నిలువు వరసలకు ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్, జి, హెచ్ అని పేర్లు. కిందినుంచి పైకి అడ్డవరసలకు 1 నుంచి 8 వరకు అంకెలు. ఇంకేం, వీధి పేరు, ఇంటి నంబరు ఉన్నట్లు ప్రతి గడికీ ఒక చిరునామా ఏర్పడింది. మీరు లెక్కల్లో గ్రాఫు కాగితం మీద బిందువును గుర్తించేదీ ఈ పద్ధతిలోనే. సిరియాలోని అలెప్పో నగరానికి చెందిన ఫిలిప్ స్టామా అనే ఆటగాడు 1737లో అచ్చువేసిన పుస్తకంలో ఇలాంటి పద్ధతి వాడాడు. 1981 నుంచి అంతర్జాతీయ సమాఖ్య ఈ పద్ధతిని మాత్రమే గుర్తిస్తోంది.

ఇప్పుడు ఒక సంగతి ఆలోచించండి. సైన్సు గదిలో ప్రయోగం చేసేటప్పుడు మీ మాస్టారు ఏమంటారు? "చూసింది చూసినట్లు రాయండి" అంటారు. ఎందుకు? రాసిపెట్టిన ప్రయోగాన్ని ఇంకొకరు మళ్ళీ చేసి చూడవచ్చు. తప్పు ఎక్కడ జరిగిందో వెతకవచ్చు. రాయని ప్రయోగం గాలిలో కలిసిపోతుంది. ఆట కాగితం కూడా అటువంటి రికార్డు పుస్తకమే. ఎన్నేళ్ళ తరువాతనైనా ఆ ఆటను మొదటి ఎత్తునుంచి చివరి ఎత్తువరకు పొల్లుపోకుండా మళ్ళీ నడిపించవచ్చు.

మన అబ్బాయి చింపిన కాగితాన్ని అతికించి చూద్దాం

మీ దగ్గర చదరంగం పలక ఉంటే తెచ్చుకుని కాయలు పేర్చండి. ఐమూలగా నడిచే కాయను ఇక్కడ శకటు అంటున్నాను. కొన్ని ఇళ్ళలో దాన్నే ఒంటె అంటారు. మూలల్లో నిలబడి నిలువుగా, అడ్డంగా నడిచేది ఏనుగు. ఇక ఆట ఇది:

1. తెలుపు: బంటు ఈ4. నలుపు: బంటు ఈ5.
2. తెలుపు: గుర్రం ఎఫ్3. నలుపు: గుర్రం సి6.
3. తెలుపు: శకటు సి4. నలుపు: సి6 గుర్రం డి4.
4. తెలుపు: గుర్రం ఈ5లోని బంటును కొట్టింది. నలుపు: మంత్రి జి5.
5. తెలుపు: గుర్రం ఎఫ్7లోని బంటును కొట్టింది. నలుపు: మంత్రి జి2లోని బంటును కొట్టింది.
6. తెలుపు: ఏనుగు ఎఫ్1. నలుపు: మంత్రి ఈ4లోని బంటును కొట్టి రాజుకు చెక్.
7. తెలుపు: శకటు ఈ2. నలుపు: గుర్రం ఎఫ్3. ఆటకట్టు!

చివరి స్థితిని ఒక్కసారి చూడండి. తెల్లరాజు చుట్టూ సొంత కాయలే గోడ కట్టాయి. కదలడానికి చోటు లేదు. "ఈ2లోని శకటుతో ఆ గుర్రాన్ని కొట్టవచ్చు కదా?" అని మీకు తోచవచ్చు. వీల్లేదు. శకటు పక్కకు తప్పుకుంటే నల్లమంత్రికి ఎదురుగా రాజు బయటపడతాడు. ఇది చదరంగం పుస్తకాల్లో ఉన్న చాలా పాత ఉచ్చు. ఎన్నో ఊళ్ళలో ఎందరో కొత్త ఆటగాళ్ళు ఇందులో పడ్డారు, ఇంకా పడుతున్నారు.

నొప్పి ఒకచోట, జబ్బు ఒకచోట

అబ్బాయిని అడిగితే తప్పు ఎక్కడ జరిగిందంటాడు? "ఏడో ఎత్తులో శకటును అడ్డం పెట్టకుండా ఉండాల్సింది" అంటాడు. దెబ్బ తగిలింది అక్కడ గనక. సరే, శకటుకు బదులు మంత్రిని అడ్డం పెట్టాడనుకోండి. డి4లోని నల్లగుర్రం మంత్రిని కొట్టేస్తుంది. ఆట ఆ క్షణాన ముగియకపోవచ్చు గాని నిలబడదు. అంటే తప్పు ఇంకా వెనక ఉందన్నమాట.

ఒక అడుగు వెనక్కి పోదాం. ఆరో ఎత్తుకు ముందు నల్లమంత్రి జి2లోకి దూరి కూర్చుంది. హెచ్1లోని ఏనుగు మీద కన్నేసింది. అప్పటికే తెలుపుకు మంచి దారి ఏదీ లేదు. ఇంకొక అడుగు వెనక్కి. అయిదో ఎత్తులో అబ్బాయి గుర్రాన్ని ఎఫ్7కి దూకించాడు. అక్కడినుంచి అది మంత్రినీ, హెచ్8లోని ఏనుగునూ ఒకేసారి బెదిరిస్తోంది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు! ఆ సంబరంలో తన జి2 బంటు మాట మరిచిపోయాడు. గుర్రానికి బదులు శకటుతో ఎఫ్7 బంటును కొట్టి చెక్ చెప్పి, తరువాత కోట కట్టుకుని ఉంటే, ఒక కాయ నష్టపోయినా ఆటలో ప్రాణం మిగిలేది.

మరి కాయ ఎందుకు నష్టపోవలసి వచ్చింది? ఇంకొక అడుగు వెనక్కి పోవాలి. అదుగో, నాలుగో ఎత్తు! ఈ5లో బంటు కాపలా లేకుండా కనబడింది. అబ్బాయి తీసేసుకున్నాడు. అంతే, నల్లమంత్రి జి5కి వచ్చి గుర్రాన్నీ, జి2 బంటునూ ఒకేసారి పట్టుకుంది. ఆ బంటు జోలికి పోకుండా, డి4కి వచ్చిన నల్లగుర్రాన్ని తన గుర్రంతో కొట్టి ఉంటే తెలుపుదే పైచేయి అయ్యేది.

చూశారా? దెబ్బ తగిలింది ఏడో ఎత్తులో. జబ్బు పుట్టింది నాలుగో ఎత్తులో. డాక్టరు కాలినొప్పికి నడుము పరీక్ష చేస్తే మనం ఆశ్చర్యపోతాం. ఆయన మాత్రం నొప్పినుంచి కారణంవైపు వెనక్కి నడుస్తున్నాడు. ఇంజనీరు కూలిన వంతెనను పరీక్షించేదీ ఇలాగే. ఇలా వెనక్కి నడవాలంటే అడుగుల గుర్తులుండాలి. ఆ గుర్తులే ఆట కాగితం. దాన్ని చింపినవాడికి "ఏడో ఎత్తు తప్పు" అనే తప్పుడు పాఠమే జ్ఞాపకం ఉంటుంది. వచ్చే ఆదివారం నాలుగో ఎత్తులో మళ్ళీ అదే బంటును కొడతాడు.

గెలిచిన అమ్మాయి సంగతి

ఇంతవరకు ఓడినవాడి గురించే మాట్లాడుకున్నాం. గెలిచిన అమ్మాయి ఆ కాగితాన్ని దాచుకుంటుంది, నిజమే. అయితే చూసి మురిసిపోవడానికే దాచుకుంటే ఆమెకూ నష్టమే. ఎందుకంటారా? ఆమె మూడో ఎత్తు అసలు మంచి ఎత్తు కాదు! ఒకసారి కదిలిన గుర్రాన్నే మళ్ళీ కదిపింది. తెలుపు ఆ గుర్రాన్ని కొట్టి ఉంటే, నల్లబంటు దానికి బదులు తీర్చుకున్న తరువాత నలుపుకు బయటికి వచ్చిన పెద్ద కాయ ఒక్కటీ మిగిలి ఉండదు. తెలుపుకు శకటు బయట ఉంది, కోట కట్టుకోవడానికి దారి సిద్ధంగా ఉంది. ఎదుటివాడు పొరపాటు చేస్తాడని ఆశపడి ఆడిన ఎత్తు అది. ఈసారి ఫలించింది. కొంచెం గట్టి ఆటగాడు ఎదురైతే అదే ఎత్తు ఆమెను చిక్కుల్లో పడేస్తుంది.

ఫలితం మంచిదైనంత మాత్రాన పద్ధతి మంచిదని చెప్పలేం. పరీక్షలో తప్పు సూత్రంతో లెక్క చేసినా అదృష్టం బాగుండి సరైన జవాబు వచ్చిందనుకోండి. మార్కులు పడతాయి గాని లెక్క వచ్చినట్లు కాదు కదా!

అందుకే ఆట అయ్యాక ఇద్దరూ ఒక పక్కకు పోయి, పలక ముందేసుకుని మాట్లాడుకోవడం పెద్ద ఆటగాళ్ళలో ఎప్పటినుంచో ఉన్న మంచి అలవాటు. మన ఇద్దరూ అలా కూర్చుని ఉంటే ఎలా ఉండేదో చూడండి.

"గా బంటును ఎందుకు కొట్టినవ్ తమ్ముడూ?"

"ఉత్తగనే దొరికిందనుకున్న అక్కా."

"నేను ఉత్తగనే ఎందుకిస్తననుకున్నవ్?"

ఈ మూడో వాక్యం ఉంది చూశారూ, దానికి వెల కట్టలేం. "ఎదుటివాడు ఈ ఎత్తు ఎందుకు ఆడాడు?" అనే ప్రశ్న ఆ అబ్బాయి మనసులో ఆ రోజే నాటుకునేది.

"యంత్రం ఉంది కదా!"

ఇక్కడ మీలో కొందరు లేచి నిలబడతారని నాకు తెలుసు. "ఇంత శ్రమ దేనికండీ? ఎత్తులన్నీ ఫోనులో ఎక్కిస్తే యంత్రం క్షణంలో తప్పులన్నీ ఎర్రరంగులో చూపిస్తుంది. పరీక్షలు, హోంవర్కు ఉండగా ఒక ఆట ముందేసుకుని గంటసేపు ఎవరు కూర్చుంటారు?"

న్యాయమైన ప్రశ్నే. యంత్రం బలాన్ని తక్కువ చేసి మాట్లాడడం తెలివితక్కువ. తెలుపూ నలుపూ చెరి రెండు ఎత్తులు ఆడేసరికే ఆట సాగగల దారులు 1,97,281 అవుతాయి. పూర్తి ఆటలకు అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1950లో వేసిన అంచనా ఒకటి పక్కన 120 సున్నాలు పెట్టినంత! ఈ అడవిలో మనిషికంటె యంత్రం ఎంతో వేగంగా వెతకగలదు. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటరు ఆనాటి ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఆరు ఆటల పోటీలో ఓడించింది. అది సెకనుకు 20 కోట్ల స్థితులను పరిశీలించగలిగేది. నేటి ఫోనులో నడిచే చదరంగం ప్రోగ్రాములు కూడా ఎంతటి గ్రాండ్‌మాస్టరునైనా ఓడించగలవు.

కాని యంత్రానికి తెలియనిది ఒకటుంది. నాలుగో ఎత్తు ఆడేటప్పుడు ఆ అబ్బాయి ఏమనుకున్నాడు? ఉత్తగా వచ్చిందనుకున్నాడా? మంత్రి జి5కి రాగలదని చూడలేదా? చూసి కూడా భయం లేదనుకున్నాడా? మూడూ వేరువేరు జబ్బులు. మూడింటికీ మందు వేరు. యంత్రం మూడింటికీ ఒకటే చెబుతుంది: "ఇది తప్పు, అది ఒప్పు." ఎందుకు తప్పు చేశాడో చెప్పగలవాడు ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు, ఆ అబ్బాయి. అది కూడా ఆ రోజే చెప్పగలడు. వారం పోతే తానేమనుకున్నాడో తానే మరిచిపోతాడు.

లెక్కల పుస్తకం చివర జవాబులుంటాయి. అవి ఉండడం మంచిదే. లెక్క చేశాక చూసుకునేవాడికి అవి గురువుతో సమానం. లెక్క చేయకముందే చూసేవాడికి వాటివల్ల ఒరిగేదేమీ లేదు. యంత్రాన్ని వద్దనడం లేదు నేను, రెండోసారి అడగమంటున్నాను. మొదట మిమ్మల్ని మీరు అడగాలి.

జ్ఞాపకం ఎక్కడినుంచి వస్తుంది?

గొప్ప ఆటగాళ్ళను చూసి "వాళ్ళకు పుట్టుకతోనే అద్భుతమైన జ్ఞాపకశక్తి ఉంటుంది, మనకెక్కడిది" అనుకుంటారు చాలామంది. ఇది నిజమా అని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. నెదర్లాండ్స్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డి గ్రోట్ 1940లలోనూ, అమెరికాలో ఛేజ్, సైమన్ అనే ఇద్దరు 1973లోనూ చేసిన ప్రయోగాలు చాలా ప్రసిద్ధమైనవి. నిజంగా జరిగిన ఆటలోని ఒక స్థితిని కొద్ది సెకన్లు చూపించి, కాయలను మళ్ళీ పేర్చమన్నారు. మాస్టరు ఆటగాడు చాలా కాయలు సరిగ్గా పేర్చాడు. కొత్త ఆటగాడు నాలుగైదు మాత్రమే పేర్చగలిగాడు.

తరువాత కాయలను ఇష్టం వచ్చినట్లు చెల్లాచెదరుగా పెట్టి చూపించారు. అప్పుడేమైందో తెలుసా? మాస్టరుకూ, కొత్తవాడికీ ఉన్న తేడా దాదాపు మాయమైపోయింది!

దీన్నిబట్టి ఏం తేలింది? మాస్టరు బుర్రలో కెమేరా ఏమీ లేదు. వేలకొద్దీ ఆటలను తిప్పి తిప్పి చూడడంవల్ల కాయల కూర్పులు అతనికి తెలిసిన ముఖాల్లా గుర్తుండిపోయాయి. తెలుగు చదవడం వచ్చినవాడు "వరంగల్లు" అనే మాటను ఒక్క చూపులో పట్టేస్తాడు. రానివాడు ఒక్కొక్క అక్షరాన్నీ గీతలుగా చూస్తాడు. ఇదీ అంతే. ఆ ముఖాలు పరిచయం కావడానికి మీ సొంత ఆటలకంటె మంచి పుస్తకం ఏముంటుంది? మీరు స్వయంగా దెబ్బతిన్న స్థితిని మీరంత తేలిగ్గా మరిచిపోలేరు.

మన ఊరి ఉదాహరణ

వరంగల్‌లో 2003లో పుట్టిన ఎరిగైసి అర్జున్ పేరు మీరు వినే ఉంటారు. 2018లో, పదిహేనేళ్ళు నిండకముందే గ్రాండ్‌మాస్టరయ్యాడు. నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ అనే ఊళ్ళో ఏటా జనవరిలో పేరుమోసిన పోటీ జరుగుతుంది. 2022లో అక్కడి రెండో శ్రేణి పోటీలో అర్జున్ 13 ఆటల్లో 10.5 పాయింట్లతో ప్రథముడయ్యాడు. దాంతో 2023లో మొదటి శ్రేణిలో ఆడే అవకాశం వచ్చింది. అక్కడ ఏమైంది? 13 ఆటల్లో 4 పాయింట్లు. 14 మందిలో చివరి స్థానం!

చాలామంది ఈ సంగతి చెప్పరు. గెలుపులే చెబుతారు. ఈ సంగతి కూడా మీకు తెలియాలని నా కోరిక. ఎందుకంటే ఆ తరువాత రెండేళ్ళు తిరక్కుండానే, 2024 సెప్టెంబరులో బుడాపెస్టు ఒలింపియాడ్‌లో మన దేశ జట్టు స్వర్ణం గెలిచినప్పుడు, మూడో బల్ల మీద వ్యక్తిగత స్వర్ణం కూడా అర్జున్‌దే. ఆ డిసెంబరు జాబితాలో అతని రేటింగు 2801. ఆటగాళ్ళ ఫలితాలనుబట్టి వాళ్ళ బలాన్ని లెక్కగట్టే అంకెను రేటింగు అంటారు. విశ్వనాథన్ ఆనంద్ తరువాత 2800 దాటిన భారతీయుడు అర్జునే.

వైక్ ఆన్ జీలో ఆడిన ఆ 13 ఆటలూ ఎత్తు ఎత్తుగా భద్రంగా ఉన్నాయి. ఈనాడు వరంగల్‌లోని ఏ బడిపిల్లవాడైనా వాటిని పలకమీద నడిపించి చూడవచ్చు. పెద్ద ఆటగాడి ఓటములు లోకమంతటికీ పాఠాలుగా నిలిచి ఉండగా, మన చిన్న ఓటమిని మనమెందుకు చింపుకోవాలి?

పెద్దలకు ఒక మాట, మీకు ఒక పని

పిల్లల పోటీల్లో చాలావాటిని తొందరగా ముగించడానికి తక్కువ వ్యవధి పెడుతున్నారు. అటువంటి వేగపు ఆటల్లో ఎత్తులు రాయడం తప్పనిసరి కాదు. ఒకే రోజులో పోటీ ముగించాలంటే అలా చేయక తప్పదు కావచ్చు. కాని రోజుకు ఒక్క ఆటనైనా రాయించి, హాలు పక్కన ఒక గదిలో నాలుగు పలకలు వేసి, "ఆడినవాళ్ళు ఇక్కడ కూర్చుని మాట్లాడుకోండి" అని ఒక కాగితం అంటిస్తే ఎంత ఖర్చవుతుంది? కప్పులు, పతకాలు నలుగురికే అందుతాయి. ఈ గది అందరికీ అందుతుంది. వరండాలో కూర్చున్న అమ్మానాన్నలు కూడా "గెలిచినవా?" అనే ప్రశ్నకు ముందు "ఏదీ, కాగితం చూపించు" అని అడిగితే, పిల్లవాడు ఆ కాగితాన్ని ఇంటిదాకా తెస్తాడు.

ఇక మీరు చేయవలసిన పని. ఒక వంద పేజీల నోటుబుక్కు తీసుకోండి. ఆడిన ప్రతి పోటీ ఆటనూ ఆ సాయంత్రమే అందులో ఎక్కించండి. ఎడమ పేజీలో ఎత్తులు రాయండి. కుడి పేజీలో, ముఖ్యమైన ఎత్తుల దగ్గర, "అప్పుడు నేనేమనుకున్నాను" అని నిజాయితీగా రాయండి. తరువాత చివరినుంచి వెనక్కి నడిచి, మొదటి తప్పు ఎక్కడని మీకు తోస్తే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఇదంతా అయ్యాకనే యంత్రాన్ని అడగండి. దాని జవాబూ మీ గుర్తూ కలిశాయా, సంతోషం. కలవలేదా, ఇంకా సంతోషం! మీరు కొత్తగా నేర్చుకోవలసింది సరిగ్గా అక్కడే ఉంది.

పది ఆటలు అలా రాసి చూడండి. ఒకే రకం తప్పు మూడు నాలుగు చోట్ల కనబడుతుందేమో గమనించండి. ఆ తప్పుకు మీరే ఒక పేరు పెట్టండి. మన అబ్బాయి ఆ కాగితం చింపకుండా ఇంటికి తెచ్చుకుని ఉంటే, తన నోటుబుక్కు మొదటి పేజీలో "ఉత్తగ దొరికిన బంటు" అని రాసుకునేవాడు.